పదహారణాల తృప్తి

తెలుగువారు దేనినైనను లోపములేనిదని చెప్పదలచినపుడు ‘పదహారణాలు’ అను మాట వాడుదురు. పదహారణాల తెలుగు అందురు. పదహారణాల పెద్దమనిషి అందురు. రూపాయికి పదహారు అణాలు అను లెక్క 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చుటతో వ్యవహారమునుండి తొలగినది. అణా పోయినది గాని మాట పోలేదు. ఏలయన ఆ మాటకు ప్రాణము నాణెములో లేదు, నిండుదనములో ఉన్నది. పదిహేను అణాలు గలవాని చేతిలో ఉన్నది చిల్లర. పదహారవది చేరగానే అది రూపాయి. పదిహేనుకును పదహారుకును నడుమ తేడా ఒక్క అణాయే. కాని మనస్సు ఆ తేడాను ఒక్క అణాగా లెక్కింపదు.

వర్తకుల జీవితములో ఈ నిండుదనము అరుదు. చిట్టా వ్రాయువాడు నేటి పుట ముగించి రేపటి పుట తెరచును. దీపావళినాడు పాత లెక్కలు కట్టి కొత్త పుస్తకమునకు పూజ చేయును. ఆ కొత్త పుస్తకపు మొదటి పంక్తిలోనే పాత పుస్తకపు నిలవ వచ్చి కూర్చుండును. సరకు అమ్ముడుపోయిన బాకీ మిగులును. బాకీ వసూలైన సొమ్ము ఎక్కడ పెట్టవలెనను చింత మిగులును. ధనమునకు ఆఖరి అంకె లేదు. లక్ష చేరినవానికి రెండవ లక్ష కనుచూపుమేరలో ఉండును. కనుక ‘ఇది ముగిసినది, ఇక చాలు’ అని చెప్పుటకు వర్తకునకు జీవితములో అవకాశములు మిక్కిలి తక్కువ.

అట్టి ఇంటిలో ఒక మూల, పిల్లవాడో పెద్దవాడో తపాలా బిళ్ళలు సేకరించుచుండును. కొట్టుకు వచ్చిన కవర్లనుండి బిళ్ళలు కత్తిరించి, నీళ్ళలో నానవేసి, ఆరబెట్టి, ఆల్బములో గడి ప్రకారము అతికించును. ఒక సెట్టులో ఆఖరి గడి నిండిననాడు అతని ముఖములో కనబడు సంతోషము ఒక పెద్ద బేరము కుదిరిననాడు కూడ కనబడకపోవచ్చును. ఈ తృప్తి ఎట్టిది? ఇది లోభమునకు ఒక చిన్న వేషమా? లేక లోభమునకు విరుగుడా? అపరిగ్రహమును వ్రతములలో ఒకటిగా ఎంచు కుటుంబములలో దీనికి చోటు ఉన్నదా? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని, విచారించిన కొలది ఆల్బమును దాటి గల్లాపెట్టెవరకు పోవును.

ఉదాహరణకు ఒక సెట్టును తీసికొనవచ్చును. 1949 ఆగస్టు 15న భారత తపాలాశాఖ నిత్యవ్యవహారమునకై ఒక కొత్త వరుసను విడుదల చేసినది. అంతకు ముందు నిత్యము వాడిన బిళ్ళలపై బ్రిటిషు చక్రవర్తి తల ఉండెడిది. ఈ వరుసలో రాజు తల లేదు. దేశములోని ప్రాచీన శిల్పములు, ఆలయములు, కట్టడములు ఉన్నవి. నాసిక్‌లోని సెక్యూరిటీ ప్రెస్సులో అచ్చయిన ఈ వరుసలో బిళ్ళలు సరిగా పదహారు. మూడు పైల బిళ్ళపై అజంతా చిత్రఫలకము, ఆరు పైలపై కోణార్క గుఱ్ఱము, తొమ్మిది పైలపై త్రిమూర్తి, అణాపై బోధిసత్త్వుడు, రెండణాలపై నటరాజు, మూడణాలపై సాంచీ తోరణము, మూడున్నర అణాలపై బుద్ధగయ ఆలయము, నాలుగణాలపై భువనేశ్వర ఆలయము, ఆరణాలపై బిజాపురపు గోల్ గుంబజు, ఎనిమిదణాలపై కందరియా మహాదేవాలయము, పన్నెండణాలపై అమృతసరపు స్వర్ణాలయము, రూపాయిపై చిత్తోడు విజయస్తంభము, రెండు రూపాయలపై ఢిల్లీ ఎఱ్ఱకోట, అయిదు రూపాయలపై తాజమహలు, పది రూపాయలపై కుతుబ్ మీనారు. చిట్టచివరిదియు, అన్నిటికంటె హెచ్చు విలువ గలదియు పదిహేను రూపాయల బిళ్ళ. దానిపై ఉన్నది పాలితానాలోని శత్రుంజయ ఆలయము.

తెలుగు దేశమును విడిచి తరతరములుగా ఇరుగుపొరుగు రాష్ట్రములలో స్థిరపడిన కుటుంబములకు ఈ బొమ్మలు దూరపు వింతలు కావు. ఒడిశాలో ఉన్నవారికి కోణార్కమును భువనేశ్వరమును, కర్ణాటకములో ఉన్నవారికి బిజాపురమును, మహారాష్ట్రములో ఉన్నవారికి అజంతాయును, తమిళదేశములో ఉన్నవారికి నటరాజమూర్తియు తాము మసలు ప్రాంతపు సంపద. ఆ ఊళ్ళ నడుమ తిరిగిన వ్యాపారపు ఉత్తరములపై ఆ ఊళ్ళ బొమ్మలే వచ్చి కొట్టు గడప దాటెడివి.

ఇక లెక్క చూడవలెను. అణాకు పన్నెండు పైల చొప్పున పైల బిళ్ళలు మూడును కలిసి అణాన్నర. అణాల బిళ్ళలు ఎనిమిదియు కలిసి ముప్పది తొమ్మిదిన్నర అణాలు. రెండును చేర్చిన నలుబది యొక్క అణాలు, అనగా 2 రూపాయల 9 అణాలు. రూపాయల బిళ్ళలు అయిదును కలిసి 33 రూపాయలు. మొత్తము సెట్టు ముఖవిలువ 35 రూపాయల 9 అణాలు. ఇందులో శత్రుంజయపు బిళ్ళ ఒక్కటే 15 రూపాయలు. తక్కిన పదిహేను బిళ్ళలు కలిసి 20 రూపాయల 9 అణాలు. చిన్న విలువల బిళ్ళలు ఏ కవరు మీదనైనను దొరకెడివి. పదిహేను రూపాయల బిళ్ళ అంటించవలసిన పని సామాన్యుని ఉత్తరమునకు పడదు. కనుక వాడిన బిళ్ళలనే ఏరుకొనువానికి మొదటి పది గడులు నెలలలో నిండవచ్చును. ఆఖరి గడికి సంవత్సరములు పట్టవచ్చును.

ఈ సేకరణపై రెండు వైపులనుండి రెండు ఆక్షేపణలు కలవు. వైరాగ్యము గలవాడు ఇట్లనును: ‘ఇంటిలో ఉన్న పరిగ్రహము చాలక ఇది యొకటి. కాగితపు ముక్కకై మనస్సును పాడుచేసికొనుట దేనికి?’ లాభము చూచువాడు ఇట్లనును: ‘పాతబడిన కొలది ధర పెరుగును గనుక ఇది మంచి పెట్టుబడి. ఇందులో తృప్తి, గిప్తి అని వేదాంతమెందుకు?’ ఇద్దరును బిళ్ళను ఒక ఆస్తిగానే చూచుచున్నారు. మొదటివాడు ఆస్తి గనుక వద్దనును. రెండవవాడు ఆస్తి గనుక కావలెననును. అసలు ఆ తృప్తి ఆస్తివలన కలుగుచున్నదా యను సంగతిని ఇద్దరును విచారింపలేదు.

దీనికి ఆ 35 రూపాయల 9 అణాల లెక్కయే సమాధానము చెప్పును. 1949లో ఆ సొమ్ము చేతిలో గలవాడు బిళ్ళలు దొరకు పెద్ద తపాలా కార్యాలయమునకు పోయి పదహారు బిళ్ళలను గంటలో కొని తెచ్చుకొనగలడు. సెట్టు అతనిది, లోపము లేదు. అయినను అతనికి కలుగు సంతోషము, కవర్లనుండి ఒక్కొక్కటే ఏరి ఏడెనిమిదేండ్లకు ఆఖరి గడి నింపినవాని సంతోషమునకు సాటివచ్చునా? రాదని సేకరించినవారందరు ఎరుగుదురు. ఆస్తి ఇద్దరికిని సమానమే. పైగా మొదటివాని బిళ్ళలు వాడనివి గనుక వాటికే ధర ఎక్కువ. ఆస్తి సమానమై తృప్తి సమానము కానప్పుడు, తృప్తికి కారణము ఆస్తి కాదని తేలుచున్నది.

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రములో పరిగ్రహమునకు లక్షణము చెప్పుచు దానిని వస్తువులో చూపలేదు; మనస్సునకు వస్తువుపై గల మూర్ఛలో చూపెను. వస్తువు తక్కువైనను మూర్ఛ అధికముగా ఉండవచ్చును. వస్తువు విలువగలదైనను మూర్ఛ లేకుండవచ్చును. శ్రీమద్ రాజచంద్రుడు (1867–1901) బొంబాయిలో వజ్రముల, ముత్యముల వర్తకుడు. 1891లో ఇంగ్లండునుండి తిరిగివచ్చిన గాంధీ ఆయనను కలిసికొని, పెద్ద పెద్ద బేరముల మాటలు ముగిసిన మరుక్షణము ఆయన ధర్మచింతనల పుస్తకము తెరచుటను చూచి ఆశ్చర్యపడి, తన ఆత్మకథలో ఆ సంగతి వ్రాసెను. చేతిలో ముత్యము ఉన్నంతమాత్రమున ముత్యము మనస్సులో ఉండవలెనను నియమము లేదు. అట్లే చేతిలో ఉన్నది కాగితపు బిళ్ళయే గనుక మనస్సు తేలికగా ఉన్నదని అనుకొనుటకును వీలులేదు. 2017లో భారత తపాలాశాఖ రాజచంద్రుని పేర బిళ్ళ విడుదల చేసినది. ఆ బిళ్ళకై తపించి నిద్ర మానువాడు ఆయన బొమ్మను సంపాదించును గాని ఆయన బోధను సంపాదింపడు.

అయిన ఆ తృప్తి అరుదైన వస్తువు దొరికినందున కలిగినదా? ఇదియు పరీక్షింపవలసినదే. అరుదుదనములోని ఆనందము వేరు. పూర్తియగుటలోని ఆనందము వేరు. 1856లో బ్రిటిషు గయానాలో అచ్చయిన ఒక సెంటు ఎఱ్ఱబిళ్ళ నేడు లోకములో ఒక్కటి మాత్రమే ఉన్నట్లు అంగీకరింపబడినది. 1922లో ఆర్థర్ హైండ్ అను ధనికుడు దానిని కొనెను. తరువాత రెండవ బిళ్ళ యొకటి బయటపడగా అతడు దానిని కూడ కొని, అమ్మినవాని ఎదుటనే చుట్టతో కాల్చివేసెనని ఒక కథ పుట్టినది. ఆ కథకు ఆధారము లేదు. కాని అట్టి కథ పుట్టుటయే ఒక సంగతి చెప్పుచున్నది: అరుదుదనములోని ఆనందము ఇతరులకు లేకపోవుటపై ఆధారపడినది. ఇతరునికి దొరికిన తన ఆనందము తగ్గును. అది సంతోషము కంటె మాత్సర్యమునకు దగ్గర.

గాంధీ బిళ్ళల సంగతియు ఇట్టిదే. 1948 ఆగస్టు 15న విడుదలైన నాలుగు బిళ్ళల సెట్టులో పది రూపాయల బిళ్ళపై గవర్నరు జనరలు కార్యాలయపు వాడుకకై ‘సర్వీసు’ అను పైముద్ర వేసినవి వంద మాత్రమే. అట్టివి నాలుగు కలిసియున్న పట్టీని 2017లో ఒకరు అయిదు లక్షల పౌనులకు కొనిరి. కొద్దిపాటి వస్తువులతో జీవించిన మహాత్ముని బొమ్మకు అంత ధర పలికినది. ఆ ధర బొమ్మకు కాదు, తక్కినవారికి దొరకకుండుటకు. 1949 సెట్టు పదహారు గడులు అట్లు కాదు. దానిని వేలమంది పూర్తిచేసియుందురు. ఒకడు పూర్తిచేసినందున మరొకని పుటలో గడి ఖాళీ కాదు. పక్కింటివాని సెట్టు పూర్తియైనదని వినిన సంతోషించి, తన దగ్గర రెండుగా ఉన్న బిళ్ళను అతనికి ఇయ్యగల సేకరణకారుడు కలడు. అరుదైనదానినే వెదకువాడు అట్లు చేయలేడు.

ఇంతవరకు సేకరణ పక్షమున చెప్పబడినది. ఇక దాని ప్రమాదమును దాచకూడదు. పదిహేను గడులు నిండి ఒక్కటి ఖాళీగా ఉన్నపుడు పుట తెరచినవాని చూపు ఎక్కడ నిలుచును? నిండిన పదిహేనింటిపై నిలువదు. ఖాళీగా ఉన్నదానిపైననే నిలుచును. వర్తకునకు ఇది బాగుగా తెలిసిన రోగము. వందమంది బాకీదారులలో తొంబదితొమ్మండుగురు తీర్చినను, తీర్చని ఒక్కనిపేరు రాత్రి నిద్రలో మెదలును. ఉన్నది కనబడక లేనిదే కనబడుట లోభము కంటికి చేయు మొదటి పని. కనుక ఖాళీ గడి మనస్సునకు ఒక పరీక్ష. ఆ పరీక్షలో ఓడిపోవుటకు మార్గములు చాల కలవు.

ఒక సందర్భమును ఊహింపవచ్చును. పాత కాగితములు కొని అమ్ముకొనువాడు ఒక మూట దించి, తూకము ప్రకారము ధర చెప్పును. ఆ మూటలో, ఎప్పటిదో పార్సిలు కాగితముపై, పదిహేను రూపాయల శత్రుంజయపు బిళ్ళ చెక్కుచెదరక ఉన్నది. వానికి దాని సంగతి తెలియదు, సేకరణకారునకు తెలియును. ఏండ్ల తరబడి ఎదురుచూచిన గడి నాలుగు చిల్లర డబ్బులతో నిండనున్నది. ఏమి చేయవలెను?

‘బేరము బేరమే, ధర చెప్పినవాడు అతడు’ అని ఒకరందురు. ఇందులో కొంత న్యాయము లేకపోలేదు. మిరియముల ధర పెరుగునని ముందుగా ఊహించి కొనిన వర్తకుడు తన తెలివికి లాభము తీసికొనుచున్నాడు. దానిని ఎవరును దోషమనరు. తెలివియు ఒక మూలధనమే. కాని ఆ బేరములో అమ్మువానికి తాను అమ్మునది మిరియములని తెలియును. అంగడి ధర ఎవరినడిగినను తెలియును. ఇచ్చట అమ్మువానికి తాను అమ్మునది ఏమో తెలియదు. వాడు చిత్తుకాగితము అమ్ముచున్నాడు. వీడు బిళ్ళ కొనుచున్నాడు. ఇద్దరి మనస్సులలో వస్తువు ఒకటి కానప్పుడు అది పూర్ణమైన బేరము కాదు.

ఆ గయానా బిళ్ళయే మొదట 1873లో ఒక పండ్రెండేండ్ల బాలునికి పాత కాగితములలో దొరకినది. వాడు దానిని కొద్ది షిల్లింగులకు అమ్మివేసెను. 2014లో అదే బిళ్ళ వేలములో సుమారు 95 లక్షల డాలర్లు పలికినది. ఆనాడు కొనినవానికిని దాని భవిష్యత్తు తెలియదు గనుక ఆ బేరములో మోసము లేదు. తెలియక తక్కువకు కొనుట అదృష్టము. తెలిసి, దాచి, తక్కువకు కొనుట వేరొకటి. రెంటికిని నడుమ గీత ఎక్కడ గీయవలెనన్న, దానికి వర్తకులు ఉపయోగింపదగిన ఒక తేలిక కొలత కలదు: మరుసటి నెల ఆ అమ్మినవాడు ఎదురైనపుడు, తల వంచకుండ ఆ బిళ్ళ అసలు ధర వానికి చెప్పగలడా? చెప్పగలిగిన బేరము శుద్ధము. చెప్పలేనియెడల ఆ గడి నిండినట్లు కనబడును గాని నిండలేదు.

అస్తేయవ్రతమునకు చెప్పబడిన అతిచారములలో దొంగసొత్తు కొనుట, తప్పు తూకము, నకలు సరకును అసలుగా చెలామణి చేయుట కలవు. సేకరణలో ఈ మూటికిని తావున్నది. కార్యాలయపు దస్తావేజులనుండి దొంగతనముగా చించిన బిళ్ళ యని తెలిసియు కొనవచ్చును. చిరిగిన బిళ్ళను బాగుచేసి మంచిదని మార్పిడి చేయవచ్చును. నకిలీ ముద్రవేసిన బిళ్ళను తనకు అంటగట్టినవానిపై కోపము వచ్చి, దానినే మరొకనికి అంటగట్టవచ్చును. చిన్న వస్తువు గనుక చిన్న దోషమని మనస్సు సర్దిచెప్పును. కాని కొట్టులో త్రాసును పట్టు చేయియే ఇంటిలో ఆల్బమును పట్టుచున్నది. ఒకచోట అలవాటు పడినది రెండవచోటికి రాకమానదు. ఇంటిలో పిల్లలు చూచుచుండగా పెద్దవాడు ఆ పాత కాగితముల వానికి బిళ్ళ సంగతి చెప్పి తగిన ధర ఇచ్చినచో, లేక ఇయ్యలేక దానిని వదలుకొన్నచో, ఆ పిల్లలకు అస్తేయమును గురించి వేరుగా ఉపన్యాసము అక్కరలేదు.

ఇంతకంటె సూక్ష్మమైన ప్రశ్న మరియొకటి కలదు: సెట్టు ఎచ్చట ముగియును? పదహారని పైన చెప్పబడినది. కాని అణా బిళ్ళపై బోధిసత్త్వుని బొమ్మ అద్దములోని బింబమువలె తారుమారై, కుడిచేయి చాచవలసినవాడు ఎడమచేయి చాచినట్లు అచ్చయినది. 1950లో దానిని సరిదిద్ది మరల అచ్చువేసిరి. అప్పుడు పదిహేడు. 1951లో రెండున్నర అణాల బిళ్ళ కొత్తగా చేరినది. నాలుగణాల బిళ్ళ రంగు మారినది. అప్పుడు పందొమ్మిది. కాగితములోని నీటిగుర్తు నిలువుగా ఉన్నదా తలక్రిందుగా ఉన్నదా యని చూచువానికి సంఖ్య ఇంకను పెరుగును. రంగుల ఛాయలను వేరువేరుగా ఎంచువానికి దానికి అంతమే లేదు. పదహారుతో మొదలుపెట్టినవాడు పదహారవది దొరికిననాడే పదిహేడవదానిని వెదకుట ఆరంభించిన, అతనికి ఆల్బములోను చిట్టా పుస్తకమే ఎదురైనది.

కొన్ని వరుసలకు హద్దు బయటినుండి వచ్చును. హైదరాబాదు సంస్థానపు బిళ్ళలు, వాటిలో తెలుగు అక్షరములును ఉండెడివి, 1950తో ముగిసినవి. యానాములో చెల్లిన ఫ్రెంచి ఇండియా బిళ్ళలు 1954తో ముగిసినవి. ఆ ప్రభుత్వములు పోయినవి గనుక వాటికి ఇక కొత్త గడి చేరదు. కాని నడుచుచున్న జీవితమునకు బయటి హద్దు మరణము ఒక్కటియే. అంతవరకు ఆగినవానికి హద్దు దొరకును గాని, హద్దువలని తృప్తి దొరకదు. తృప్తి కావలసినవాడు తన హద్దు తానే గీసికొనవలెను.

శ్రావకునకు విధింపబడిన పరిగ్రహపరిమాణ వ్రతములోని వివేకము ఇదియే. గృహస్థుని సర్వము విడువుమని ఆ వ్రతము కోరదు. ఇంత భూమి, ఇంత బంగారము, ఇంత ధాన్యము అని ముందుగా లెక్క చెప్పి, దానిని దాటకుమని మాత్రమే కోరును. ఇందు ముఖ్యమైన మాట ‘ముందుగా’ అనునది. చేరిన తరువాత గీసిన హద్దు హద్దు కాదు. అది ఉన్నదానికి పెట్టిన పేరు. హద్దును దాటకుండినట్లు కనబడుచు దాటు ఉపాయములను కూడ శ్రావకాచారమును వివరించిన పెద్దలు ఎరుగుదురు. ఇల్లు ఒక్కటే ఉంచుకొందునని వ్రతము పట్టినవాడు పక్క ఇల్లు కొని, నడిమి గోడ పడగొట్టి, ‘ఇల్లు ఒక్కటే’ అని లెక్కించుటను వారు అతిచారముగా ఎంచిరి. పదిహేడవ బిళ్ళను, పందొమ్మిదవ బిళ్ళను కలుపుకొని ‘సెట్టు ఒక్కటే’ అనుట ఆ గోడ పడగొట్టుట వంటిది.

కనుక సెట్టు పూర్తియైనపుడు కలుగు తృప్తిని ఇట్లు వివరింపవచ్చును. ఆనాడు మనిషికి లభించినది ఒక బిళ్ళ మాత్రము కాదు. ఏనాడో తనకు తాను ఇచ్చుకొనిన మాట ఆనాడు చెల్లినది. ‘పదహారు కావలెను, పదిహేడు అక్కరలేదు’ అని మొదట చెప్పుకొనిన మాటలో మొదటి సగమును నిలుపుకొనుటకు ఏండ్లు పట్టినది. రెండవ సగమును నిలుపుకొనుట ఆ మరుసటి దినమున ఆరంభమగును. మొదటి సగము ఓర్పుతో నెరవేరును; రెండవ సగము సంయమముతోగాని నెరవేరదు. మొదటిది మాత్రమే నెరవేర్చినవాని తృప్తి వారము దినములలో చప్పబడును. రెండును నెరవేర్చినవాని తృప్తి నిలుచును.

ఆ పదహారవ బిళ్ళపై శత్రుంజయము ఉండుట కేవలము కాకతాళీయము. కాని ఆలోచించువానికి అందులో ఒక పాఠము దొరకును. ఆ కొండకు మూడువేలకు పైగా మెట్లు కలవు. యాత్రికుడు తెల్లవారుజామున బయలుదేరి, ఒక్కొక్క మెట్టే ఎక్కి, పైకి చేరి దర్శనము చేసికొనును. అచ్చట రాత్రి ఎవ్వరును నిలువరు. సూర్యాస్తమయమునకు ముందే అందరును దిగివత్తురు, అర్చకులును దిగివత్తురు. అంత శ్రమపడి చేరిన శిఖరమును ఎవ్వడును తన నివాసము చేసికొనడు. చేరుటయు, చూచుటయు, దిగుటయు, ఈ మూడును కలిసియే యాత్ర. దిగలేనివాడు యాత్ర పూర్తిచేసినవాడు కాడు.

ఆఖరి గడి నిండినవాడు ఆ పుటను ఒకమారు తృప్తితీర చూచి మూయవలెను. మరునాడు దానికి ధర కట్టనక్కరలేదు. పదిమందికి చూపి గర్వింపనక్కరలేదు. పదిహేడవ గడి గీయనక్కరలేదు. ఆ బిళ్ళలన్నియు ఒకప్పుడు ఎవరి క్షేమసమాచారమునో, ఎవరి సరకు లెక్కనో మోసికొనిపోయి తమ విలువను చెల్లించివేసినవే. పైనున్న నల్లముద్ర దానికి సాక్ష్యము. తన పని ముగించిన వస్తువును దగ్గర పెట్టుకొనుటలో దోషము లేదు. ఎవరైన పిల్లవాడు ఆసక్తితో అడిగిన, ఆ ఆల్బమును వాని చేతికి ఇయ్యగల స్థితి ఉన్నంతవరకు అది మూర్ఛ కాదు.

చిన్నదానిలో హద్దు పాటింప నేర్చినవానికి పెద్దదానిలో హద్దు గీయుటకు ధైర్యము కలుగును. ధనమునకు పదహారణాలు ఎన్నియో శాస్త్రము చెప్పదు, కేటలాగు చెప్పదు, అంగడి అంతకంటె చెప్పదు. ఎవరి గడులు వారే గీసికొనవలెను. దీపావళినాడు కొత్త పుస్తకమునకు పసుపుకుంకుమలు పెట్టునపుడు, మొదటి పంక్తిలో పాత నిలవ వ్రాయుటకు ముందు, ‘ఇన్ని గడులు చాలును’ అని ఒక్క అంకె మనస్సులో వ్రాసికొనగలిగిన గృహస్థునకు, ఆ ఏడాది లాభము ఎంతయైనను, పదహారణాల తృప్తి తప్పదు.